శనివారమా, ఆదివారమా: అత్తగారింటి సబ్బాతు గురించి

వందనాలు సిస్టర్. మీ అత్తగారిది శనివారాన్ని సబ్బాతుగా, అంటే విశ్రాంతి దినంగా పాటించే అడ్వెంటిస్టు కుటుంబం, మీరేమో చిన్నప్పటి నుంచి ఆదివారం ఆరాధనకు వెళ్లినవారు. "ఆదివారం కాన్‌స్టంటైన్ పెట్టింది" అని ఆవిడ అంటే ఏం చెప్పాలని కదా అడిగారు?

ఆ మాట సగమే నిజం. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రీ.శ. 321లో ఆదివారాన్ని సెలవుదినంగా చట్టం చేశాడు, అదీ రైతులను మినహాయించి. కానీ అపొస్తలుల కార్యములు 20:7లోనే ఆదివారం రొట్టె విరవడానికి కూడుకున్నారని ఉంది. 150 ప్రాంతంలో తొలి క్రైస్తవ రచయిత జస్టిన్ కూడా ఆదివారపు కూడికను వర్ణించాడు.

అలాగని ఆవిడది తప్పని వాదించకండి. నాలుగో ఆజ్ఞ ఏడవ దినమనే చెబుతుంది. ఆదివారం పాటించమన్న ఆజ్ఞ కొత్త నిబంధనలో వెతికినా దొరకదు. నా మట్టుకు రోమా 14:5 చాలు: ఎవరి మనస్సులో వాళ్లు రూఢిపరచుకోవాలి. (ఆ వచనం ఉపవాస దినాల గురించి అని అడ్వెంటిస్టులు అంటారు, వినడానికి సిద్ధంగా ఉండండి.)

ఇక ఇంట్లో సంగతి. శుక్రవారం పొద్దుగూకకముందే వంట, ఉతుకుడు ముగించండి. వాళ్లకది సబ్బాతుకు సిద్ధపరచు దినం. మీరు చెయ్యి వేస్తే ఆవిడకు సంతోషం. శనివారం వాళ్లతో గుడికి వెళ్లినా మీ విశ్వాసం ఎక్కడికీ పోదు. ఆదివారం మీ సంఘానికి వెళ్తానని మాత్రం ముందు మీ ఆయనతో చెప్పించండి. కోడలి నోట కంటే కొడుకు నోట ఆ మాట తేలిగ్గా దిగుతుంది.