బాగుచేసిన మెట్లబావిలో నెలకో సాయంత్రం కథ, పాట పెట్టుకోవాలంటే ఏం చూసుకోవాలి?

అడిగింది ఇదీ: బస్తీలోని పాత మెట్లబావికి పూడిక తీసి బాగుచేశారు. తాళం వేసి ఉంచుతున్నారు. నెలకోసారి కథో సంగీతమో పెట్టుకోవచ్చా, ఎంతమందిని పిలవొచ్చు, ఏర్పాట్లేమిటి?

పెట్టుకోండి. మనుషులు దిగని బావిలోకి చెత్త దిగడం మొదలవుతుంది. సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట బావి అలాగే ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి, 2022 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. అయితే కార్యక్రమం ముందే అనుకుని బావిని దానికి సర్దాలని చూడకండి. ఎంతమంది, ఏ వాద్యం, ఎంతసేపు అన్నవి బావినే అడగాలి.

ముందు అది ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడమైతే ప్రాచీన కట్టడాల 1959 నిబంధనల్లో ఏడోది వర్తిస్తుంది: సభ, విందు, వినోదం ఏదైనా కేంద్రం రాతపూర్వక అనుమతి లేకుండా కుదరదు. గుర్తింపు ఉన్న మతాచారానికి మాత్రం మినహాయింపు. ఎనిమిదో నిబంధన ప్రకారం అనుమతించిన చోట తప్ప వంట, తిండి లోపల నిషేధం. చాయ్ ఫ్లాస్కులు గేటు బయటే. రాష్ట్ర రక్షిత కట్టడమైతే హెరిటేజ్ తెలంగాణ శాఖకు, మున్సిపాలిటీదైతే కమిషనర్‌కు దరఖాస్తు పెట్టాలి. గుడికి చెందిన కోనేరైతే దేవాదాయ శాఖ ఈవో. దరఖాస్తుతో పాటు ఎక్కడ ఎవరు కూర్చుంటారో చేత్తో గీసిన పటం ఒకటి జతచేయండి. లేకపోతే ఆ పటం అడగడానికే ఫైలు వెనక్కి వస్తుంది. మైకు పెడితే పోలీసు అనుమతి వేరే, రాత్రి 10 దాటితే అది కూడా చెల్లదు.

ఇక మనుషుల లెక్క. పటం చూసి మూడు వందల మంది పడతారనిపిస్తుంది. పడతారు, కానీ ఎక్కిరాలేరు. చాలా బావులకు పైకి దారి ఒక్కటే. మెట్టు 6 మీటర్ల వెడల్పు ఉందనుకోండి. రెండు పక్కలా 1.2 మీటర్ల చొప్పున నడవ వదిలితే మిగిలేది 3.6 మీటర్లు. మనిషికి అర మీటరు లెక్కన వరసకు ఏడుగురు. మెట్టు లోతు 60 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే వెనకాయన మోకాళ్లు ముందాయన వీపుకు తగులుతాయి కాబట్టి మెట్టు విడిచి మెట్టు కూర్చోబెట్టాలి. అలా ఎనిమిది వరసలు వస్తే 56 మంది. అంతే, ఇంకో పదిమందికి సర్దుబాటు వద్దు. నీటికి దగ్గరగా ఉన్న కింది మూడో వంతు మెట్లు వదిలేసి, అక్కడ నడుమెత్తులో తాడు కట్టి ఇద్దరు వలంటీర్లను నిలబెట్టండి. ఇద్దరికీ ఈత రావాలి. గట్టు మీద పొడవాటి తాడు కట్టిన గాలి ట్యూబు ఒకటి సిద్ధంగా ఉండాలి. చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పై వరసలోనే. పాతకాలపు మెట్లు ఎత్తుగా ఉంటాయి. దిగేటప్పుడు తెలియదు, ఎక్కేటప్పుడే ఆయాసం. కార్యక్రమానికి ముందు రోజు చీకటి పడ్డాక దీపాలు ఆపేసి, టార్చితో నలుగురు కింద నుంచి పైకి నడిచి చూడండి. ఎవరు ఎక్కడ తడబడ్డారో అక్కడే దీపం కావాలి.

ఎక్కువగా చెడేది శబ్దం. నాలుగు వైపులా రాతి గోడ, కింద నీళ్లు, ఏదీ ధ్వనిని మింగదు. పాడేవాళ్లు నిలబడే చోట ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి వినండి. ఒక్క చప్పుడు రెండు మూడుగా తిరిగొస్తే మాట అర్థం కాదని గుర్తు. అలాంటి చోట వేణువు, వీణ, తంబూరా మీద ఒక్క గొంతు బ్రహ్మాండంగా పలుకుతాయి. మృదంగం గందరగోళమవుతుంది. ఒగ్గు కథ డోలును బావిలోకి దింపకండి. అది గట్టు మీద జరగాల్సిందే. కథ చెప్పేవాళ్లు వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకునేంత ఆగితే సరిపోతుంది. గోడకు మేకు కొట్టకుండా, చెప్పేవారి వెనక ఓ చట్రం నిలబెట్టి రెండు మందపాటి జంఖానాలు వేలాడదీయండి, తేడా వెంటనే తెలుస్తుంది. జనం కూర్చున్నాక మోత ఇంకొంచెం తగ్గుతుంది కాబట్టి ఖాళీ బావిలో రిహార్సల్ చూసి బెంబేలు పడొద్దు. ఇంత చేసినా వినిపించకపోతే బ్యాటరీతో నడిచే చిన్న స్పీకరు ఒక్కటి, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో. మైకు షాపాయన రెండు పెద్ద బాక్సులు తెస్తానంటాడు. వద్దనండి. రెండు చోట్ల నుంచి వచ్చిన మాట బావిలో కలిసి ముద్దవుతుంది.

వెలుగుకు మెట్టు అంచును చూపించే చిన్న ఎల్‌ఈడీలు, 12 వోల్టులవి, పసుపు వెలుగువి చాలు. 230 వోల్టుల తీగ నీటి దగ్గరికి రాకూడదు. పైన మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. జనరేటరు తెచ్చుకుంటే బావి అంచుకు చాలా దూరంగా, గాలికి పొగ బావి వైపు రాని దిక్కున పెట్టాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, బావి లాంటి గుంటలో చేరితే తొందరగా పోదు. ఫ్లడ్‌లైటు మాత్రం అసలు వద్దు. దానికో కారణముంది: పాత రాతి కట్టడాల కప్పుల కింద కొండ తేనెటీగలు పెద్ద పట్లు పెడతాయి. రాత్రి గట్టి వెలుగు, పొగ, డ్రోను రొద వాటిని రేపుతాయి. పట్టు కనిపిస్తే ఆ నెల కార్యక్రమం గట్టు మీదికి మార్చడమో మానుకోవడమో తప్ప, పొగబెట్టి తోలే ప్రయత్నం చేయకండి.

నూనె దీపాలు పెట్టాలని అందరికీ సరదా. రాతి మీద నేరుగా పెడితే నూనె లోపలికి ఇంకి నల్లమచ్చ పడుతుంది, సున్నపు గచ్చయితే మరీ. కొత్త ప్రమిదలను ముందు రోజు నీళ్లలో నానబెట్టి, పళ్లెంలో రెండు సెంటీమీటర్ల ఇసుక పోసి దానిమీద పెట్టండి. మచ్చ పడితే ముల్తానీ మట్టి ముద్దచేసి పట్టించి, ఎండాక మెత్తటి బ్రష్‌తో దులపాలి. పూర్తిగా పోకపోతే రెండోసారి. యాసిడ్ పోసి కడిగితే మచ్చతో పాటు గచ్చు కూడా పోతుంది. మెట్ల మీది పాచికి నీళ్లు, నైలాన్ బ్రష్ చాలు. బ్లీచింగ్ పౌడరు, ఇనుప బ్రష్ రెండూ వద్దు. టేపు కూడా గచ్చుకు శత్రువే, ఊడదీస్తే పొరతో సహా వస్తుంది.

బతుకమ్మకు వాడొచ్చా అని కూడా రాశారు. గట్టు మీద ఆడటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. నిమజ్జనమే చిక్కు. చెరువు మోయగలిగిన పూలను బావి మోయలేదు. తంగేడు, గునుగు రెండు రోజుల్లో కుళ్లి నీళ్లు వాసన కొడతాయి. ఒక్కో వీధి నుంచి ఒక్క చిన్న బతుకమ్మనే నీటిలో వదలనిచ్చి, మిగతావి పెద్ద తొట్టిలో వేయించండి. నీటిలోవి తెల్లారేలోగా వలతో తీసేయాలి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా బావిలో ఏమీ పెట్టకండి. తడి మెట్లు, పాములు, ఒక్క వానకే పెరిగే నీటిమట్టం. ఆ నాలుగు నెలలు పిల్లలతో దగ్గరి మ్యూజియంలో బొమ్మలు గీయించొచ్చు. పెన్సిల్ మాత్రమే, రంగులూ నీళ్లూ లోపలికి రావు. పాత వస్త్రాలు, చిత్రాలున్న గదుల్లో రంగులు వెలిసిపోకుండా వెలుగు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దగ్గరే ఉంచుతారు, అందుకని మసకగా ఉందని ఫోన్ ఫ్లాష్ వేయనివ్వకండి.

మొదటి నెల గంటంబావు చాలు. నవంబరులో హైదరాబాద్‌లో 5.40కే పొద్దుగూకుతుంది కాబట్టి 5.15కు మొదలుపెడితే ఆరున్నరకు అందరూ పైకి వచ్చేస్తారు. జనం దిగకముందు ఎనిమిది పది గుర్తుపెట్టుకున్న చోట్ల ఫోటోలు తీయండి, మర్నాడు పొద్దున అవే చోట్ల నుంచి మళ్లీ తీయండి. రాళ్ల అతుకుల్లో సున్నం రాలిందా, ఏ మెట్టయినా కదిలిందా చూసి, ఆ రెండు జతల ఫోటోలూ అనుమతిచ్చిన ఆఫీసుకు పంపండి. రెండో నెల దరఖాస్తుకు వాటినే జతచేయండి.