ఓసీ సీటు ఎవరిది?

ప్రశ్న: మాది పరకాల దగ్గరి పల్లె, మేము మాదిగలం. ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు రావడంతో మా బిడ్డకు హన్మకొండలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు వచ్చింది. అలాట్‌మెంట్ కాగితంలో కులం ఎస్సీ అని, సీటు మాత్రం ఓసీ అని ఉంది. హాస్టల్లో చేరిన రోజే గదిలోని అమ్మాయిలు ముందు ర్యాంకు, తరువాత కులం అడిగి, ‘మా ఓసీ సీటు ఒకటి మీకు పోయిందన్నమాట’ అన్నారట. నిజంగా ఇతరుల సీటు మాకు వచ్చినట్టా? ఇది ఎస్సీ కోటాలో లెక్కిస్తారా? ఫీజు రీయింబర్స్‌మెంట్ పోతుందా?
– ఒక తండ్రి, హన్మకొండ జిల్లా

జవాబు: మీ బిడ్డ ఎవరి సీటూ తీసుకోలేదు. ఓసీ అంటే ఓపెన్ కాంపిటీషన్, అంటే కులంతో నిమిత్తం లేకుండా ర్యాంకు ఉన్నవారెవరైనా పోటీ పడే సీటు. అయితే రిజర్వేషన్ లేని కులాలవారిని ‘ఓసీలు’ అనడం మన వాడుకలో ఎంతగా స్థిరపడిందంటే, ఆ సీట్లు ఆ కులాలకే రాసిచ్చినవని చదువుకున్నవారు సైతం నమ్ముతున్నారు. (దరఖాస్తుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీల పక్కన ఓసీకి కూడా ఒక గడి గీస్తాం కనుక తప్పు పూర్తిగా ఆ పిల్లలదీ కాదు.)

తెలంగాణలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 10, బీసీలకు 29, ఈడబ్ల్యూఎస్‌కు (ఆర్థికంగా వెనుకబడినవారికి) 10 శాతం రిజర్వేషన్లు ఉన్నాయి; ఇవి పోగా మిగిలేవే ఓపెన్ సీట్లు. ఆ సీట్ల మీద ఎవరి పేరూ లేదు. రిజర్వేషన్ లేని కులాల పేదలకు మాత్రమే ఉద్దేశించిన కోటా 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఈడబ్ల్యూఎస్ ఒక్కటే. మీ ఇంట్లో ఎంత పేదరికం ఉన్నా దానికి మీ బిడ్డ దరఖాస్తు చేయడానికి వీల్లేదు. ఈ సంగతి మాత్రం హాస్టల్ గదుల్లో చర్చకు రాదు.

సొంత ప్రతిభతో ఓపెన్‌లో ఎంపికైన రిజర్వుడు అభ్యర్థిని కోటా లెక్కలో చూపరాదని ఉద్యోగాల విషయంలో సుప్రీంకోర్టు 1995లో, ఆర్.కె. సబర్వాల్ కేసులో చెప్పింది. ఓపెన్ కేటగిరీ ఎవరి కోటా కాదని, అది అందరికీ తెరిచి ఉన్నదని 2020లో సౌరవ్ యాదవ్ కేసులో మరింత తేటగా చెప్పింది. సీట్లలోనూ సూత్రం ఇదే. పైగా మీ బిడ్డ ఓపెన్‌లో నెగ్గడం వల్ల, 2025 ఏప్రిల్ 14 నుంచి అమలవుతున్న ఎస్సీ వర్గీకరణలో మాదిగలున్న రెండో గ్రూపుకు దక్కే 9 శాతంలో ఒక సీటు మరో బిడ్డకు మిగిలింది.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు చూసేది కుల, ఆదాయ ధ్రువపత్రాలను. ఓసీ సీటు వచ్చినంత మాత్రాన అది పోదు.

ఇక ర్యాంకు అడగడం చాలాచోట్ల కులం అడగడానికి మర్యాదగా తొడిగిన ముసుగు. చెప్పాలా వద్దా అన్నది మీ బిడ్డ ఇష్టం, మీరు బలవంతపెట్టకండి. ఇప్పటివరకు అన్న మాట అజ్ఞానమే తప్ప నేరం కాదు. కులం పేరుతో కావాలని నలుగురి ఎదుట, అంటే మెస్సులోనో తరగతిలోనో అవమానిస్తే మాత్రం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది; నాలుగు గోడల మధ్య అన్న మాటను ఆ చట్టం కింద నిలబెట్టడం కష్టం. మాటలు ఆగకపోతే తేదీ, చోటు, విన్నవారి పేర్లతో ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గర ఉంచుకోండి.