కబడ్డీని నమ్ముకుని బతకవచ్చా? ఒక మాజీ ఎడమ కార్నర్ ఆటగాడి జవాబు

అడిగిన ప్రశ్న: “మా అబ్బాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. రాష్ట్ర జూనియర్ కబడ్డీ జట్టుకు ఎంపికయ్యాడు. ఇక ఇదే నా వృత్తి అంటున్నాడు. ఇందులో భవిష్యత్తు ఉందా? ఏ నైపుణ్యాలు కావాలి?”

పదమూడేళ్ళపాటు ఎడమ కార్నర్‌లో, అంటే కూతకు వచ్చినవాణ్ణి పట్టే వరుసలో ఎడమ చివర నిలబడి, రాష్ట్రం తరఫున మూడు సీనియర్ నేషనల్స్ (పెద్దల జాతీయ పోటీలు) ఆడి, ఆ ఆట పుణ్యమా అని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా జీతం తీసుకుంటున్నవాణ్ణి కనుక ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను. భవిష్యత్తు తప్పకుండా ఉంది. కాకపోతే మీ అబ్బాయి టీవీలో చూస్తున్న చోట మాత్రం లేదు.

ప్రో కబడ్డీ లీగ్ 2014లో మొదలైన నాటి నుంచి ప్రతి కుర్రవాడి కళ్ళూ జట్లు ఆటగాళ్ళను కొనుక్కునే వేలం మీదనే ఉన్నాయి. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ జట్టు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసుకున్న సంగతి మన పల్లెల్లో పదేళ్ళ పిల్లవాడిని అడిగినా చెబుతాడు. అదే పవన్ అంతకు ముందు ఏడాది 2.26 కోట్లకు తమిళ్ తలైవాస్ జట్టులో చేరి, మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ సీజన్ మొత్తానికీ దూరమయ్యాడన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆయన పవన్ కనుక మరుసటి ఏడాది ధర ఇంకా పెరిగింది. కనీస ధరకు జట్టులో చేరిన కుర్రవాడికి అదే దెబ్బ తగిలితే తరువాతి వేలంలో అతని పేరు చదివే నాథుడే ఉండడు. ఉన్నవి 12 జట్లు, జట్టుకు పాతిక మందిని లెక్కవేసుకున్నా దేశం మొత్తానికి 300 చోట్లు, వాటిలో కొన్ని ఇరాన్ వంటి దేశాల ఆటగాళ్ళవి. పైగా 2020లో కోవిడ్ వల్ల లీగ్ జరగనే లేదు. ఇంకొక విషయం గమనించండి: అన్ని కోట్లు పలికిన పవన్ కూడా దేశవాళీ పోటీల్లో భారతీయ రైల్వేల జట్టుకే, అంటే రైల్వే ఉద్యోగిగానే ఆడాడు. లీగ్ వచ్చిన ఏడాది పండగ, ఉద్యోగం ఏడాది పొడుగునా వంట.

ఆ ఉద్యోగం ఎలా వస్తుందో చూడండి. రైల్వే క్రీడా కోటాలో, అంటే ఆటగాళ్ళకు కేటాయించిన ఉద్యోగాల ఎంపికలో, మొత్తం 100 మార్కులుంటే మైదానంలో జరిపే ట్రయల్స్‌కు 40, చదువుకు 10 పోగా, మిగిలిన 50 మార్కులూ మీరు ఇంతవరకు ఏ పోటీల్లో ఏం సాధించారో చూపించే కాగితాలకే ఇస్తారు. ఆ విజయాలు కూడా నడుస్తున్న ఆర్థిక సంవత్సరంలోనో, దాని వెనక రెండేళ్ళలోనో వచ్చినవై ఉండాలి. అందుకే, ఎవరు నవ్వినా సరే, ఈ వృత్తికి కావలసిన మొదటి నైపుణ్యం కాగితాలను కాపాడుకోవడమేనని నేను చెబుతాను. దీన్ని నేను నేర్చుకున్న తీరు చెప్పక తప్పదు.

జాతీయ పోటీల్లో రాష్ట్రానికి ఆడినవారికి ఫారం-2 అనే ధ్రువపత్రం ఇస్తారు, దాని మీద రాష్ట్ర క్రీడా సంఘం కార్యదర్శి సంతకం ఉండాలి. నాకు అది వచ్చిన రోజున, దర్జీ పని చేసే మా నాన్నగారు దాన్ని జిరాక్స్ కొట్టుకు తీసుకువెళ్ళి ముచ్చటపడి లామినేషన్ చేయించి, దుకాణంలో కత్తెర తగిలించే మేకు పక్కన గోడకు వేలాడదీశారు. ఏడాదిన్నర తరువాత ట్రయల్స్‌లో నెగ్గి, ధ్రువపత్రాల పరిశీలనకు వెళ్ళినప్పుడు, ఎదురుగా కూర్చున్న అధికారి ఆ ప్లాస్టిక్ మీద బొటనవేలి గోటితో రెండుసార్లు గీకి, కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, “ఏమయ్యా, ఇది అసలుదో రంగుల జిరాక్సో నేనెట్లా చెప్పను? సంతకం సిరా తెలియడం లేదు, ముద్ర అచ్చు చేతికి తగలడం లేదు” అన్నారు. నా వెనక నిలబడినవారంతా తమ కాగితాలను మామూలు పారదర్శక కవర్లలో పెట్టుకుని వచ్చారు. కొత్త ఫారం తీసుకురావడానికి నాకు పది రోజుల గడువు ఇచ్చారు.

ఈ లోగా మా రాష్ట్ర సంఘం రెండు వర్గాలుగా చీలిపోయింది. నాకు సంతకం పెట్టిన పాత కార్యదర్శి అవతలి వర్గంలో చేరారు, కొత్త కార్యదర్శి ఆ ఏటి జట్టు జాబితా తమకు అప్పగించలేదన్నారు. ఆటగాళ్ళు ఎండలో మట్టి కోర్టు తడుపుకుంటూ సాధన చేస్తుంటే, జీవితంలో ఒక్కసారి కూడా కూతకు వెళ్ళనివారు కుర్చీల కోసం కోర్టులకెక్కడం మన క్రీడలకు పట్టిన పాత జబ్బు. చివరికి నన్ను గట్టెక్కించినది మాకు ఆట నేర్పిన మాస్టారి రేకుపెట్టె. ఆయన ప్రతి పోటీకీ జట్టు ప్రవేశపత్రం (ఆటగాళ్ళ పేర్లుండే కాగితం) కార్బన్ నకలును తారీఖుల వారీగా దారంతో కుట్టి దాచేవారు. ఆ నకలు పట్టుకుని తొమ్మిదో రోజున కొత్త కార్యదర్శిని వెతుక్కుంటూ వెళితే ఆయన ఒక పెళ్ళిలో భోజనాల వరుసలో ఉన్నారు. విస్తరి ముందు నుంచి లేచి, ఎడమ చేత్తో స్కూటర్ డిక్కీలోంచి ముద్ర తీసి, స్టాంపు ప్యాడ్ ఎండిపోయి ఉంటే దాని మీద గ్లాసులోని మంచినీళ్ళు రెండు చుక్కలు చిలకరించి, నా కొత్త ఫారం మీద ముద్ర వేశారు. ఊదా సిరా కాస్త పక్కకు జారింది. ఆ మరక చూసి కార్యాలయంలో అధికారి, “ఇప్పుడు అసలుదిలా ఉంది” అన్నారు.

మా జట్టులోనే నాకంటే రెండింతలు మెరుగైన కూతగాడు ఒకడుండేవాడు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి జరిగే పోటీల్లో చేతికి వెంటనే వచ్చే బహుమతి డబ్బు కోసం సీనియర్ నేషనల్స్ శిబిరాన్ని రెండుసార్లు ఎగవేశాడు. రైల్వే క్రీడా కోటాకు వయసు 18 నుంచి 25, అందులో ఎవరికీ సడలింపు లేదు. అతనికి ఆ సంగతి 26వ ఏట తెలిసింది. ఇప్పటికీ పండగకు అతని ఆట చూడడానికి జనం ఎగబడతారు, మిగిలిన రోజుల్లో ఆటో నడుపుతాడు.

ఇక ఆటలోని నైపుణ్యం గురించి. కండలు, దమ్ము అందరికీ ఉంటాయి, అవి ఆరు నెలల్లో వస్తాయి. చూపు మాత్రం అంత త్వరగా రాదు. కూతకు వచ్చినవాడి ముఖం చూసే కార్నర్ ప్రతిసారీ మోసపోతాడు, ఎందుకంటే మంచి కూతగాడు కళ్ళతో అబద్ధం చెబుతాడు. ముందు కాలి మడమ నేల మీద బరువుగా ఆనిన క్షణాన్ని పట్టుకున్నవాడికే ఆ మడమ దొరుకుతుంది. ఎదుటి జట్టు వరుసగా రెండు ఖాళీ రైడ్లు (పాయింటు రాని కూతలు) చేస్తే మూడో దానిలో పాయింటు తెచ్చుకోక తప్పదు కనుక, ఆ లెక్క మనసులో నడుస్తూనే ఉండాలి. మీ అబ్బాయి అవుటై గీత బయట కూర్చున్నప్పుడు ఏం చేస్తున్నాడో ఒకసారి చూడండి. నీళ్ళు తాగుతూ ప్రేక్షకులకేసి చూస్తున్నాడా, ఎదుటివాడి పాదాలకేసి చూస్తున్నాడా? నా దృష్టిలో అసలు ట్రయల్స్ అవే. మోకాలు నొప్పి అంటే మాత్రం నాటు కట్టుతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించండి. ఎముకకు వేసే కట్టుతో తెగిన లిగమెంటు అతుక్కోదు.

స్థోమత లేని కుటుంబాలు పిల్లలను క్రీడలే వృత్తిగా దించవద్దని పుల్లెల గోపీచంద్ 2025లో అన్నప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. రాకెట్లు, షటిళ్ళు, అకాడమీ ఫీజులు మోయవలసిన బ్యాడ్మింటన్ విషయంలో ఆయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. కబడ్డీకి అది వర్తించదు. దీనికి మొదట కావలసింది ఒక నిక్కరు, తరువాత మ్యాట్ మీద ఆడడానికి ఒక జత బూట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నాటి క్రీడా విధానం ఉద్యోగాల్లో 2 శాతంగా ఉన్న కోటాను 3 శాతం చేసింది కూడా. పేదవాడికి ఇంతకంటే చవకైన పందెం లేదు.

కనుక ఇంటర్ పరీక్షలు కాగానే మీ అబ్బాయిని, కబడ్డీ జట్టును ఏటా పోటీలకు పంపే విశ్వవిద్యాలయం కింద ఉన్న కళాశాలలో డిగ్రీకి చేర్చండి. అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవారికి ఇచ్చే ఫారం-3 కూడా క్రీడా కోటాలో చెల్లుతుంది, కొన్ని సంస్థలు దానితోపాటు మొదటి మూడు స్థానాల్లో ఒకటి అడుగుతాయి. దాని మీద సంతకం పెట్టేది విశ్వవిద్యాలయ క్రీడా విభాగం డైరెక్టరు. ఆయన కార్యాలయంలోనే దొరుకుతారు, పెళ్ళి భోజనాల దగ్గర వెతకనక్కరలేదు.