అల్లుడూ, ర్యాంపు కట్టేముందు నాలుగు మాటలు

అల్లుడూ,

మీ కుర్రాళ్ళంతా కలిసి పర్లాకిమిడిలో వికలాంగుల కోసం ఒక గ్రూపు పెట్టారని, మొదట మీ వార్డులో ర్యాంపులు కట్టిద్దామనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి పని. ఉద్యోగమంతా బిల్డింగుల పనిలోనే గడిచింది, రిటైరయ్యాక ఇక్కడ బరంపురంలో నేనూ కొంతమందితో కలిసి ఇదే పని మీద తిరుగుతున్నాను కాబట్టి తోచింది రాస్తున్నాను, పనికొచ్చింది తీసుకో.

ముందు ర్యాంపు సంగతి పక్కన పెట్టు. మీ వార్డులో మూడు చక్రాల బండి మీద తిరిగే మనిషి ఒకరైనా ఉంటారు కదా, ఆయన్ని అడిగి, ఒప్పుకుంటే నెలలో 15న పింఛనుకి వెళ్ళేటప్పుడు వెంట వెళ్ళు. బండి నువ్వు తొయ్యకు, ఆయన ఎలా వెళ్తాడో అలాగే వెళ్ళనీ, నువ్వు పక్కన నడు. గడప దగ్గర ఎవరు ఎత్తి దించుతున్నారు, కాలువ మీద పలక ఎక్కడ విరిగింది, ఆఫీసులో కిటికీ ఎంత ఎత్తులో ఉంది, మంచినీళ్ళ కుళాయి అందుతుందా లేదా, అన్నీ రాసుకో. దారిలో ఒక్కచోట తెగినా నువ్వు మిగతా చోట్ల పోసిన సిమెంటంతా దండగే. మా దగ్గర ఒక ఆఫీసుకి చక్కటి ర్యాంపు ఉంది, అది మొదలయ్యే చోట రెండడుగుల వెడల్పున మూత లేని కాలువ ఉంది. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలంతా కాలువ దాటి వచ్చి రిబ్బన్ కత్తిరించారు, ఒక్కరికీ అనుమానం రాలేదు!

ఇళ్ళల్లో పెద్ద చిక్కు గడపే. పసుపు రాసి బొట్టు పెట్టే గడపని తీసెయ్యమంటే మీ అమ్మమ్మే ఊరుకోదు, వేరేవాళ్ళింట్లో ముసలమ్మలు ఎందుకు ఊరుకుంటారు? ఆ వాదన పెట్టుకోకు. వడ్రంగితో రెండు ఏటవాలు చెక్కలు చేయించు, గడపకి లోపలొకటి బయటొకటి ఆనించి పెడితే చక్రం ఎక్కి దిగుతుంది, పూజ రోజున తీసి పక్కన పెట్టుకుంటారు. చెక్క కదలకుండా అడుగున పాత టైరు ముక్క కొట్టించు.

ఇక ర్యాంపు. ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు, ఇది మాత్రం మరిచిపోకు. అడుగున్నర ఎత్తు అరుగైతే 18 అడుగులు. మేస్త్రీ చూసి నవ్వుతాడు, "ఆరడుగులు చాలు బాబూ, బైకులు ఎక్కట్లేదా" అంటాడు. బైకుకి ఇంజనుంది, మనిషికి చేతులే ఉన్నాయి. అంత జాగా లేకపోతే మధ్యలో చదునుగా ఆపి వెనక్కి మళ్ళించండి గానీ నిటారుగా మాత్రం కట్టకండి, అలాంటిదాని మీద ఎక్కడం సంగతి సరే, దిగేటప్పుడు బండి చేతిలోంచి జారిపోతుంది. వెడల్పు 4 అడుగులకి తగ్గకూడదు. పైన తలుపు ముందు 5 అడుగులు చదును వదలాలి, లేకపోతే ఒక చేత్తో బండి జారకుండా పట్టుకుని ఇంకో చేత్తో తలుపు తియ్యాలి, అది అయ్యే పని కాదు. మేస్త్రీలకి నున్నగా తుడిచి మెరిపిస్తే తృప్తి, నువ్వు పక్కనే నిలబడి తడి మీద చీపురుతో అడ్డంగా గీతలు గీయించు, వానాకాలంలో నీకే తెలుస్తుంది. పట్టుకునే పైపు రెండు వైపులా ఉండాలి. డబ్బు కలిసొస్తుందని ఒకవైపే పెట్టిస్తారు, కానీ పక్షవాతం వచ్చినవాళ్ళకి ఒక చెయ్యే పనిచేస్తుంది, ఎక్కేటప్పుడు కుడిపక్క ఉన్న పైపు దిగేటప్పుడు ఎడమపక్కకి వస్తుంది కదా.

బాత్రూముల సంగతి ఎక్కువ రాయను. వికలాంగుల బొమ్మ అంటించిన తలుపుకి తాళం ఉంటుంది, తాళంచెవి ఉన్నాయన భోజనానికి వెళ్ళుంటాడు, తెరిస్తే లోపల చీపుర్లు, విరిగిన కుర్చీలు. కొత్తది కట్టించడం కన్నా ఉన్నది ఖాళీ చేయించడం ఎంతో చవక.

అందరికీ చక్రాలే ఉండవు. చూపు తక్కువున్నవాళ్ళకి మెట్టు అంచున పసుపు రంగు పట్టీ వేస్తే చాలు, ఒక డబ్బా పెయింటుతో వీధంతా అయిపోతుంది. వినపడనివాళ్ళని ఆఫీసులో పేరు పెట్టి కేకేస్తే ఏం లాభం, టోకెన్ నంబరు చూపించమని అడగండి. ఇక్కడ ఒడిశాలో మన తెలుగువాళ్ళల్లో ఒడియా చదవలేని పెద్దవాళ్ళున్నారు, బోర్డులో కింద తెలుగు లైను కూడా ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

మున్సిపాలిటీ వాళ్ళ దగ్గరికి దయ చూపించండని వెళ్ళకు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 45వ సెక్షన్ చూడు, అప్పటికే ఉన్న పబ్లిక్ బిల్డింగులన్నీ రూల్సు వచ్చిన ఐదేళ్ళలో అందరూ వాడుకునేలా మార్చాలని ఉంది. రూల్సు 2017 జూన్‌లో వచ్చాయి, అంటే గడువు 2022లోనే అయిపోయింది. ఆ రూల్సు మరీ సలహాల్లాగా ఉన్నాయి, తప్పనిసరి ప్రమాణాలు తేవాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అర్జీ ఒడియాలోనే రాయించు, మెట్టు పక్కన టేపు పెట్టి తీసిన ఫోటో జతచెయ్యి, సోమవారం కలెక్టర్ గ్రీవెన్స్‌లో ఇచ్చి నంబరు తీసుకో. పల్లెటూరైతే ముందు పల్లిసభలో, అంటే ఊరివాళ్ళంతా కూర్చునే సభలో, తీర్మానం చేయించు. గొడవ పడొద్దు, కానీ నంబరు లేకుండా ఇంటికి రావొద్దు.

ఇంకోటి, మన సరిహద్దు ఊళ్ళలో ఉన్నదే. అటు ఆంధ్రాలో వికలాంగుల పింఛను 2024 నుంచి 6,000, ఇక్కడ వైకల్యం 80 శాతం, ఆపైన ఉన్నవాళ్ళకి 3,500. పాతపట్నంలో చుట్టాలింటి అడ్రసు పెట్టి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో ఆంధ్రాలో రాసిచ్చే కాగితం, చేయిస్తామని ఎవరో ఒకరు తగులుతారు, మీ గ్రూపు పేరు అందులోకి రానివ్వకు. ఎక్కడ కాపురముంటే అక్కడి పింఛనే. యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు మాత్రం దేశమంతా చెల్లుతుంది, అది లేనివాళ్ళకి ముందు చేయించండి, ర్యాంపు కన్నా అదే ముందు అక్కరకొస్తుంది.

ఫోటోల పిచ్చి తగ్గించండి. వీల్‌చైర్ ఇచ్చేటప్పుడు పదిమంది దానిమీద చెయ్యేసి నిలబడితే కూర్చున్న మనిషి మొహమే కనపడదు. దాతల పేర్లు రాయాలంటే గోడ మీద రాయండి. శాలువాలు కప్పే సభలైతే అసలొద్దు, స్టేజీకి మెట్లుంటాయి, సన్మానం పొందే మనిషి కిందే ఉండిపోతాడు.

కట్టేశాక అసలు పని మొదలవుతుంది. వారం తిరక్కుండా ర్యాంపు మీద బైకులు పెడతారు, కూరగాయల బుట్టలు దించుతారు. ఎదురుగా కొట్టు పెట్టుకున్నాయనతో ముందే మాట్లాడి ఉంచు, నువ్వు రోజూ వచ్చి పోట్లాడలేవు, ఆయన ఒక కేకేస్తే సరిపోతుంది. మీ గ్రూపులో కూడా నిర్ణయాలు తీసుకునేవాళ్ళలో సగం మందైనా వికలాంగులే ఉండాలి, పేరుకి ఒకరిని కూర్చోబెట్టడం కాదు.

అన్నట్టు, ఆదివారం మీటింగు మీ ఫ్రెండు వాళ్ళ డాబా మీద పెట్టుకున్నారని అమ్మ చెప్పింది. కిందికి మార్చండి.

మీ మావయ్య