కో-లాంటా ఫైనల్: రెండో స్థానంలో ఉన్నతను ఎందుకు వెళ్లిపోయాడు?

మీరు ఫ్రెంచ్ నేర్చుకుంటూ కో-లాంటా చూస్తున్నారు. పోటీదారులు జట్లుగా మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ ఓటుతో బయటకు పంపుకునే ఫ్రెంచ్ టీవీ రియాలిటీ షో అది. ఫైనల్‌కు ముందు స్తంభాల పోటీలో రెండో స్థానంలో నిలిచినతను ఇంటికి వెళ్తే, ముందే పడిపోయినామె ఎలా మిగిలిందని అడిగారు. మీ ఫ్రెంచ్‌లో లోపమేమీ లేదు, అక్కడి నియమమే అలాంటిది.

ముందు అడవిలో దిక్సూచితో వెతికే పోటీ ఉంటుంది. దాచిన బాకులు దొరికిన ముగ్గురే స్తంభాల దాకా వస్తారు. సముద్రంలో పాతిన ఆ స్తంభాల మీద చివరిదాకా నిలిచిన ఒక్కరికే ఫైనల్ ఖాయం. మిగతా ఇద్దరిలో ఎవరిని వెంట తీసుకెళ్లాలో ఆ గెలిచినవాళ్లే చెప్పాలి. ఎవరు ముందు పడ్డారన్నది లెక్కలోకి రాదు. తర్వాత విజేతను తేల్చేది జ్యూరీ. అంటే, రెండు జట్లూ కలిసిపోయాక ఓటుతో బయటకు పోయిన వాళ్లు. అందుకే చాలామంది జ్యూరీకి ఇష్టుడైన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడానికి భయపడతారు. లక్ష యూరోల బహుమతి మరి! స్నేహం కోసం బలమైనవాణ్నే ఎంచుకున్నవాళ్లంటే నాకు చాలా గౌరవం.

భాష కోసమైతే ఓటింగ్ రాత్రులు మళ్లీ మళ్లీ వినండి. 2002 నుంచి ఈ షోను నడిపిస్తున్న వ్యాఖ్యాత దెనీ బ్రోన్యార్ స్పష్టంగా మాట్లాడతారు. 'ఇర్రెవోకాబ్ల్' అన్నారంటే ఆ తీర్పు ఇక మారదని అర్థం.