వెనక నుంచి గుద్దినాయన డబ్బిస్తానంటున్నాడు, తీసుకోవాలా, కేసు పెట్టాలా?

నిన్న రాత్రి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మీ కారుని వెనక నుంచి గుద్దారు, పదివేలు ఇస్తాం కేసు వద్దంటున్నారు, మీ నాన్నగారికి భుజం నొప్పిగా ఉంది, ఏం చేయాలి అని అడిగారు. బంపరు ఒక్కటే పోయి ఉంటే పుచ్చుకోండి అనేవాణ్ని. నాన్నగారి భుజం సంగతి తేలేదాకా మాత్రం ఆ డబ్బు ముట్టుకోకండి.

మాది హైదరాబాద్–విజయవాడ హైవే మీద జరిగింది. సంక్రాంతికి ఊరెళ్తూ కొర్లపహాడ్ టోల్‌గేటు ముందు లైన్లో ఆగి ఉన్నాం. వెనక నుంచి డీసీఎం వచ్చి గుద్దింది, డిక్కీ లోపలికి పోయింది. వెనక సీట్లో ఉన్న మా అత్తగారే అందరికంటే ముందు దిగి "నాకేం కాలేదు బాబూ" అన్నారు. డీసీఎం డ్రైవరు చిన్న కుర్రాడు, వణికిపోతున్నాడు. "అన్నా, కేసు వద్దే, మా ఓనర్‌తోటి మాట్లాడిస్త" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. అవతల ఓనరు అప్పటికే బేరం మొదలుపెట్టాడు. చుట్టూ చేరినవాళ్లంతా "పండగ పూట స్టేషన్ ఎందుకు సార్, తీసుకుని పొండి" అనేవాళ్లే.

ఫోన్ మా ఆవిడకిచ్చి నేను ఫొటోల పని చూశాను. బండ్లు కదపకముందే తీయాలి. సొట్టని దగ్గర్నుంచి తీస్తే అది ఎక్కడ పడిందో ఎవరికీ తెలియదు. రెండు నంబరు ప్లేట్లు, రోడ్డు, వెనకాల టోల్‌గేటు అన్నీ ఒకే ఫొటోలో పడేలా దూరం నుంచి తీశాను. తర్వాత 1033కి కొట్టాం. జాతీయ రహదారుల మీద ఏం జరిగినా పలికే నంబరు అది, క్రేనూ అంబులెన్సూ వాళ్లే పంపుతారు. ఊళ్లో అయితే 112, దెబ్బలు తగిలితే 108. ఎంపరివాహన్ యాప్‌లో డీసీఎం నంబరు కొట్టి చూస్తే ఇన్సూరెన్స్ బతికే ఉంది. ఇది తెలియకుండా బేరానికి కూర్చోకండి. పాలసీ ఉంటే రేపు కట్టేది కంపెనీ, లేకపోతే ఓనరు జేబులోంచి రాబట్టుకోవాలి. అప్పుడు కథే వేరు.

సూర్యాపేట చేరేసరికి అత్తగారు మెడ తిప్పలేకపోయారు. దెబ్బ తగిలిన వేడిలో నొప్పి తెలియదు, తర్వాత బయటపడుతుంది. ఆసుపత్రి మెట్లెక్కుతూ ఆవిడ "మెట్ల మీద జారానని చెప్దాం బాబూ, పోలీసుల గొడవెందుకు" అన్నారు. మన ఇళ్లలో అందరూ అనేమాటే. అక్కడే అసలు నష్టం జరిగేది. యాక్సిడెంట్ అని చెబితే క్యాజువాల్టీలో ఎంఎల్‌సీ, అంటే పోలీసులకి తెలపాల్సిన కేసు అని రాస్తారు, స్టేషన్‌కి కబురు పంపుతారు. జారిపడ్డానని ఒకసారి కాగితం మీదకెక్కితే, ఆ తర్వాత ఎన్ని స్కానింగులు చూపించినా అవతలి కంపెనీ లాయరు ఆ ఒక్క కాగితమే పట్టుకుంటాడు. మేం జరిగింది జరిగినట్టు చెప్పాం, బండి నంబరుతో సహా రాయించాం.

స్టేషన్‌లో "మా పరిధి కాదు" అన్నా వెనక్కి రానక్కర్లేదు. పాత సీఆర్‌పీసీ బదులు ఇప్పుడున్న బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అంటారే, అదే. దెబ్బ తగిలినవాళ్లకి పరిహారం వచ్చేది మోటారు యాక్సిడెంట్ ట్రిబ్యునల్లో. ప్రమాదం జరిగిన జిల్లాలోనే వేయాలని లేదు, మీరు ఉండే చోటా వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు, కాబట్టి నాన్చకండి. అత్తగారిది చివరికి లోక్ అదాలత్‌లో కంపెనీతో రాజీ అయింది. వచ్చింది గొప్ప మొత్తమేం కాదు గానీ, రోడ్డు మీద ఓనరు చెప్పిన దానికంటే బాగా ఎక్కువే. ఆసుపత్రి గేటు దగ్గర "క్లెయిమ్ మేం ఇప్పిస్తాం" అంటూ తిరిగేవాళ్లు తగులుతారు. ఖాళీ వకాల్తా (మీ తరఫున వాదించమని లాయరుకిచ్చే కాగితం) మీద మాత్రం సంతకం పెట్టొద్దు.

మీరు అడగలేదు గానీ, రేపు మన వల్లే ఎవరికైనా దెబ్బ తగిలితే ఏంటన్నదీ తెలిసుండాలి. వాళ్లని ఆసుపత్రికి చేర్చడం, 24 గంటల్లోపు పోలీసులకి చెప్పడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు బాధ్యత. జనం మీదపడి కొట్టేలా ఉంటే అక్కడ నిలబడలేకపోవచ్చని ఆ సెక్షనే ఒప్పుకుంటుంది. మన రోడ్ల సంగతి తెలిసినవాళ్లే రాసినట్టున్నారు. అలాంటప్పుడు నేరుగా స్టేషన్‌కి పోవాలి, ఇంటికి కాదు. "తప్పు నాదే, ఖర్చంతా భరిస్తా" అని మాత్రం ఎవరికీ రాసివ్వకండి. కంపెనీకి చెప్పకుండా అలా ఒప్పుకోకూడదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది.

ఇక మీ కారు. తప్పు అవతలివాళ్లదే అయినా, బాగుచేయించుకోవడానికి మీ సొంత పాలసీలో క్లెయిమ్ వేయడమే దగ్గరి దారి. ట్రిబ్యునల్ కోసం కూర్చుంటే కారు షెడ్డులోనే ముసలిదవుతుంది. కాకపోతే ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపినవాళ్లకి ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టానికి కట్టే) ప్రీమియంలో 50 శాతం తగ్గింపు ఉంటుంది, చిన్న సొట్ట కోసం దాన్ని పోగొట్టుకోవడం దండగ. జీరో డెప్ (భాగాల అరుగుదల కింద కోత పెట్టని కవరు) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి కంపెనీ సగమే ఇస్తుంది, బంపరంటే ప్లాస్టిక్కే కదా. ముందు షెడ్డులో ఎస్టిమేట్ వేయించి, ఆ లెక్క చూసుకుని నిర్ణయించుకోండి.

ఇవాళే నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లి ఎంఎల్‌సీ రాయించండి, అక్కణ్నుంచి స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇవ్వండి. సిగ్నల్ దగ్గర కెమెరా ఉంటే ఆ సంగతి ఫిర్యాదులోనే రాయండి, ఆలస్యమైతే రికార్డింగు దొరక్కపోవచ్చు. అవతలివాళ్లు ఫోన్ చేస్తే "డాక్టరు ఏమంటారో చూసి చెప్తాం" అనండి చాలు, పోట్లాడక్కర్లేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదని తేలి, నొప్పి కూడా తగ్గిపోతే అప్పుడు బంపరు డబ్బులు తీసుకోవచ్చు. ఆ తీసుకునేది కారు రిపేరుకే అని, రెండు బండ్ల నంబర్లు, తేదీ వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం మీద ఉండాలి. క్లెయిమ్ వేద్దామనుకుంటే మాత్రం కంపెనీకి ఇవాళే చెప్పండి, నష్టం అంచనా వేసే సర్వేయరు చూసేదాకా షెడ్డువాళ్లని బంపరు విప్పనివ్వకండి.