బారికేడ్ దగ్గర ఆగిన కథ

తమ్ముడూ,

నీ బుడమేరు వరద కథ చదివాను. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పటి జనం అవస్థ కళ్లకు కట్టింది. కానీ లోపల చిక్కుకున్న తల్లి కోసం వెళ్తున్న కొడుకును పోలీసులు ఆపిన చోట, "144 సెక్షన్ పెట్టారు" అని ఒక్క ముక్కతో దాటేశావు. నాకు కథంతా అక్కడే ఉందనిపించింది.

2024 జులై 1 నుంచి 144 లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 163 అయింది. జనం ఇంకా 144 అనే అంటారు కాబట్టి పాత్రల నోట అలాగే ఉండనీ, నీ మాటగా రాసేటప్పుడు మాత్రం సరిచూసుకో. పైగా వరద ప్రాంతంలోకి మనుషుల్ని, వాహనాలను రానివ్వకుండా ఆపే అధికారం జిల్లా యంత్రాంగానికి 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం, 34వ సెక్షన్ కింద కూడా ఉంది. మరి ఆ కుర్రాణ్ని ఏ ఉత్తర్వు మీద ఆపారు? అది తేల్చుకోకుండా ఆ సీను రాయకు.

ఇలాంటివి రాసేముందు ఉత్తర్వు కాపీ సంపాదించు. సంతకం ఎవరిది, హద్దులు ఎక్కడిదాకా, ఎవరికి మినహాయింపు, ఎప్పటిదాకా అమలు, అన్నీ చూడు. 163 కింద ఇచ్చిన ఉత్తర్వు రెండు నెలలకు మించి నిలవదు. అవసరమైతే రాష్ట్ర ప్రభుత్వం మరో ఆరు నెలల వరకు పొడిగించవచ్చు. నష్టపోయినవాళ్లు రద్దు చేయమని అర్జీ పెట్టుకోవచ్చు. కాదంటే అధికారి కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. ఇలాంటి ఉత్తర్వులు జనానికి తెలిసేలా ప్రచురించాలనీ, వాటినే మళ్లీ మళ్లీ జారీ చేయడం అధికార దుర్వినియోగమనీ సుప్రీంకోర్టు 2020 జనవరిలో, కశ్మీర్ ఆంక్షల మీద వేసిన అనురాధా భాసిన్ కేసులో చెప్పింది.

ఆపడమే తప్పని నేననను. 2020 మేలో విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి కమ్మినప్పుడు జనాన్ని ఖాళీ చేయించి, దూరంగా ఉంచకపోతే ఇంకెన్ని ప్రాణాలు పోయేవో! ప్రమాదం తగ్గాక కూడా ఆ అడ్డు తీయకపోతేనే నాకు భయం.

ఇంకొకటి. నీ కానిస్టేబుల్‌ను మరీ రాయిలా చేశావు. రాత్రంతా నీళ్లలో నిలబడిన మనిషి అతను. ఆ కొడుకు చేత "ఎప్పటిదాకా సార్?" అని అడిగించు. అతను ఏం చెప్తాడో రాసి, కథ మళ్లీ పంపు.